ఎస్‌జీపీటీ ఎక్కువుంటే లివరేనా? పిల్లోడి రిపోర్టులు పంపి ఒక తల్లి అడిగిన ప్రశ్న

అనంతపురం టౌన్ నుంచి ఒకమ్మాయి పెద్ద ఉత్తరం రాసింది. పేరు వద్దంది, వాళ్ళాయన ఉద్యోగం సంగతి కూడా రాయొద్దంది. రిపోర్టులన్నీ ఫోటోలు తీసి పంపింది. ఉత్తరాన్ని కుదించి చెప్తా.

ఆమెకి నాలుగున్నరేళ్ళ కొడుకు, ఒక్కడే. సంక్రాంతప్పుడు జ్వరమొస్తే డెంగ్యూ ఏమోనని రక్త పరీక్షలు చేయించారు. డెంగ్యూ లేదు గానీ ఎస్‌జీపీటీ 310, ఎస్‌జీఓటీ 265 వచ్చాయి. లివర్ వాచిందన్నారు, సిరప్ రాశారు. నెలన్నరకి మళ్ళీ చూస్తే ఎస్‌జీపీటీ 290, ఇంకో నెలకి 330. హెపటైటిస్ టెస్టులన్నీ నెగెటివ్, స్కానింగ్‌లో లివర్ శుభ్రంగా ఉంది, కామెర్లుంటే పెరిగే బిలిరుబిన్ 0.6. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ మాత్రం 290 అని, పక్కన హై అని ఎర్రగా కొట్టి ఉంది. అత్తగారు, అంటే స్వయానా మేనత్తే, కామెర్లు బయటికి కనపడకుండా లోపలే ఉన్నాయని చెప్పి ఉరవకొండ పక్కన పల్లెలో ఒకాయన దగ్గర పసరు తాగించింది. అప్పట్నుంచీ పత్యం, నూనె లేదు, గుడ్డు లేదు, కోడికూర లేదు, శెనక్కాయలు కూడా లేవు, మజ్జిగన్నమే. పిల్లోడు చిక్కిపోయాడు, నంబర్లు మాత్రం దిగలేదు.

పోయిన నెల ఇంకో పిల్లల డాక్టర్ దగ్గరికి పోతే ఆయన వాణ్ణి కింద కూర్చోబెట్టి లేవమన్నాడట, అటూ ఇటూ నడిపించాడట, జీజీటీ, సీపీకే అని రెండు టెస్టులు రాశాడట. జీజీటీ 14 వచ్చింది, సీపీకే 15,800. ల్యాబ్‌లో ఉన్న అబ్బాయి రిపోర్టిస్తా "ఇది హార్ట్ ఎటాక్ వాళ్ళకి చేసే టెస్టు గదా మేడమ్" అనేసరికి ఇంట్లో ఏడుపులు. డాక్టర్ జబ్బు పేరేమీ చెప్పకుండా బెంగళూరు పోయి న్యూరాలజీలో చూపించమన్నాడు. భర్తేమో లివర్‌కి నరాల డాక్టరేంది, గుండెకి నరాల డాక్టరేంది, మెషీన్ తప్పు చూపించి ఉంటుంది, శెనక్కాయ పంట చేతికొచ్చాక చూద్దాంలే అంటున్నాడు. అత్తేమో ఇంకో విడత పసరు పోయించాల్సిందే అంటోంది. చుట్టాల్లో కొందరు మేనరికం చేసుకుంటే ఇంతే అని ఆమె వినేలానే అంటున్నారు. 

ఇక చివర్లో, సంతకం పెట్టేశాక గుర్తొచ్చినట్టు, ఇంకో నాలుగు లైన్లు రాసింది. వీడు ఏడాదిన్నర దాటాక గానీ నడవలేదు, మునికాళ్ళ మీద నడుస్తాడు, కింద కూర్చుంటే తొడల మీద చేతులు వేసుకుంటా లేస్తాడు, పిక్కలు మాత్రం గట్టిగా లావుగా ఉంటాయి, చూసి వాళ్ళ జేజి (నాయనమ్మ) పహిల్వాన్ అవుతాడని మురిసిపోతుంది. ఉత్తరం రాసిన అమ్మాయి తల్లికి ఒక తమ్ముడుండేవాడు, బడికి పోయే వయసులో నడక పడిపోయింది, పదిహేడేళ్ళకే పోయాడు, పోలియో అని చెప్పుకునేవాళ్ళు. "దీనికీ దానికీ ఏమన్నా సంబంధం ఉందా అక్కా? శ్రావణంలో మా చెల్లెలికి నిశ్చితార్థం పెట్టుకున్నారు, దానికి చెప్పాలా వద్దా?" అని అడిగింది.

నన్ను అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. ఒక మాట ముందే చెప్పాలి, నేను పిల్లల డాక్టర్ని కాను, ల్యాబ్ వైపు మనిషిని, బయోకెమిస్ట్రీ నా పని. మీవాడికి ఏముందో ఉత్తరం చూసి తేల్చడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. కానీ ఈ కాగితాలు ఏం చెప్తున్నాయో, ఏం చెప్పట్లేదో చెప్పగలను. నువ్వు చివర్లో రాసిన ఆ నాలుగు లైన్లు మూడు ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పనితీరు చూసే టెస్టు) రిపోర్టుల కంటే ఎక్కువ చెప్తున్నాయి.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అనేవి ఎంజైమ్‌లు, కణాల లోపల పనిచేసుకునే సరుకు. రక్తంలో వాటికి పనేం లేదు. కణాలు పాతబడి పోతుంటే కొంచెం కొంచెం రక్తంలోకి వస్తుంటాయి, అందుకే ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా సున్నా రాదు, ఇరవయ్యో ముప్ఫయ్యో వస్తుంది. కణాలు దెబ్బతిని పొర చిరిగితే ఒక్కసారిగా ఎక్కువొస్తాయి. అంటే ఆ నంబర్ చెప్పేది ఎక్కడో ఏవో కణాలు కారుతున్నాయి అని, అంతే. వీధిలో నీళ్ళు పారుతుంటే ఎవరింటి ట్యాంకు పొంగిందో నీళ్ళు చూసి చెప్పగలమా? ఇదీ అంతే. ఎస్‌జీఓటీ లివర్లో ఉంది, గుండెలో ఉంది, కండల్లో ఉంది, కిడ్నీలో ఉంది, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంది. ఎస్‌జీపీటీ లివర్లో బాగా ఎక్కువ, నిజమే, కానీ కండల్లో కూడా ఉంది. ఒంట్లో లివర్ ఒక్కటే, కండలు ఒళ్ళంతా. కండలు గట్టిగా దెబ్బతింటే ఎస్‌జీపీటీ మూడు వందలు కావడానికి లివర్‌తో పనే లేదు.

ఎల్‌ఎఫ్‌టీ ప్యాకేజీలో కలిపి ఇస్తారు కాబట్టి అవి లివర్ సొంత ఆస్తి అని జనం అనుకుంటారు, డాక్టర్లలో కూడా కొందరు పని ఒత్తిడిలో అట్లాగే అనుకుంటారు. ఎస్‌జీఓటీ జబ్బు పట్టుకునే టెస్టుగా పేరు తెచ్చుకున్నది అసలు గుండె విషయంలో. 1954లో అమెరికాలో లాడ్యూ, వ్రోబ్లెవ్‌స్కీ, కార్మెన్ అని ముగ్గురు, హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్ళ రక్తంలో ఇది పెరుగుతుందని చూపించారు. లివర్ వాడకం ఆ వెంటనే వచ్చింది. ఈ ముక్క మీ ఆయనకి చెప్పు, ఒక ఎంజైమ్ ఒకే అవయవానికి కాపలా కాయదని ఆయనకే తెలుస్తుంది.

మరి ఎక్కడ్నుంచి కారుతుందో ఎట్లా కనుక్కోవాలి? ఒక్క ఎంజైమ్ చూస్తే తెలీదు, రెండు మూడు పక్కపక్కన పెట్టి చూడాలి. జీజీటీ అనేది లివర్లో, పిత్తనాళాల్లో ఉంటుంది, కండల్లో దాదాపు ఉండదు. సీపీకే దానికి తిరగేసి, కండల్లో విపరీతం, లివర్లో లేనట్టే లెక్క. మీవాడికి జీజీటీ 14, నార్మల్. బిలిరుబిన్ నార్మల్, స్కానింగ్ నార్మల్. సీపీకే మామూలుగా రెండు వందల లోపు ఉండాలి, వాడికి పదిహేను వేల పైన. ఇంకేం కావాలి, ఆ డాక్టర్ ఈ రెండే రాశాడంటే ఆయన దారి ఆయనకి తెలుసు. ఆ పని మొదటి ఎస్‌జీపీటీ తగ్గనప్పుడే చేసుంటే బాగుండేది, కానీ ఇది మీ ఊర్లోనే జరిగే సంగతేం కాదు, సీపీకే చూడకుండా లివర్ ముక్క తీసి పరీక్షకి పంపి, ఆ తర్వాత కండల జబ్బని తెలిసిన పిల్లల సంగతులు వేరే దేశాల వైద్య పత్రికల్లో కూడా అచ్చయ్యాయి. మీవాడు అక్కడిదాకా పోకుండా బయటపడ్డాడు.

ఇక ఆ ఎర్రగా కొట్టిన ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ గురించి ఇంకో రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దు. అది లివర్ నుంచే కాదు, ఎముకల నుంచి కూడా వస్తుంది, ఎదిగే పిల్లలకి ఎముక పెరుగుతా ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ళకంటే రెండింతలు మూడింతలు ఉండడమే మామూలు. గర్భిణులకి మాయ నుంచి వచ్చి పెరుగుతుంది. చాలా ల్యాబుల్లో కంప్యూటర్‌లో పెద్దవాళ్ళ లెక్కే పెట్టి వదిలేస్తారు, నాలుగేళ్ళ పిల్లోడికీ నలభై ఏళ్ళాయనకీ ఒకటే గీత, గీత దాటితే ఎర్ర రంగు. నాకు దీని మీద చాలా కోపం. ఒక్క క్లిక్‌తో మార్చుకోవచ్చు, మార్చరు, తల్లులు ఏడుస్తుంటారు.

హార్ట్ ఎటాక్ టెస్టు అన్న ఆ ల్యాబ్ అబ్బాయి మాట పూర్తిగా అబద్ధం కాదు. సీపీకే గుండె కండలో కూడా ఉంది, ఒకప్పుడు హార్ట్ ఎటాక్‌కి అదే వాడేవాళ్ళు, ఆ తర్వాత అందులో ఎంబీ అనే రకాన్ని విడిగా చూసేవాళ్ళు, ఇప్పుడు దాని బదులు ట్రోపోనిన్ చూస్తున్నారు, అది ఎంజైమ్ కూడా కాదు, కండలో ఉండే ఒక ప్రోటీన్. కానీ గుండె ఎంత, ఒంట్లో కండ ఎంత? ఛాతీ నొప్పి లేకుండా ఇల్లంతా తిరిగే పిల్లోడికి పదిహేను వేల సీపీకే వచ్చిందంటే అది కాళ్ళూ తొడలూ నడుము కండల నుంచే వస్తోందనుకోవాలి. జపాన్‌లో ఎబాషి వాళ్ళు 1959లోనే, కండలు క్రమంగా క్షీణించే జబ్బుల్లో ఈ ఎంజైమ్ బాగా పెరుగుతుందని రాశారు. అప్పట్నుంచీ ఇది కండల టెస్టు కూడా.

మెషీన్ తప్పు అనే మాట కూడా చూద్దాం, మీ ఆయన్ని కొట్టిపారేయలేను, తప్పులు జరుగుతాయి. రక్తం తీసేటప్పుడు కణాలు పగిలితే ఎస్‌జీఓటీ, ఎల్‌డీహెచ్ అనే ఇంకో ఎంజైమ్ ఊరికే పెరుగుతాయి. కండకి ఇంజెక్షన్ వేయించినా, గట్టిగా కిందపడినా సీపీకే పెరుగుతుంది. వైరల్ జ్వరం తర్వాత పిక్కలు పట్టేసి పిల్లలు నడవలేకపోవడం ఉంటుంది, అప్పుడు కూడా వేలల్లో పోతుంది. థైరాయిడ్ తక్కువున్నా కొంత పెరుగుతుంది. కానీ ఇవన్నీ వచ్చి పోయేవి. సీపీకే అయితే రక్తంలో ఒకటి రెండు రోజుల్లో సగమైపోతుంది, ఎస్‌జీపీటీ కూడా సుమారు రెండు రోజులకి సగం. కారడం ఆగితే రెండు మూడు వారాల్లో అంతా సర్దుకోవాలి. మీవాడికి సంక్రాంతి నుంచి ఎస్‌జీపీటీ మూడు వందల చుట్టే తిరుగుతోంది, అంటే కారడం ఆగలేదు, రోజూ కొత్తగా వస్తోంది. మూడుసార్లు వేరువేరు రోజుల్లో ఒకే తప్పు చేసే మెషీన్ ఉండదమ్మా.

ఇప్పుడు జబ్బు పేరు. ఆ డాక్టర్ చెప్పలేదు, మంచిదే, ఖాయం కాకుండా చెప్పకూడదు. కానీ బెంగళూరులో ఓపీలో లైన్లో నిలబడినప్పుడు పక్కవాళ్ళ నోట మొదటిసారి వినడం కంటే ఇంట్లో కూర్చుని చదవడం మేలు అనిపించి రాస్తున్నా. నడక ఆలస్యం, మునికాళ్ళ నడక, తొడలు పట్టుకుని లేవడం, లావు పిక్కలు, వేలల్లో సీపీకే, మగపిల్లోడు, అట్లా పోయిన నీ మేనమామ. ఇవన్నీ కలిస్తే ఏ న్యూరాలజిస్ట్ అయినా మొదట అనుమానించేది మస్కులర్ డిస్ట్రఫీ, అంటే కండలు క్రమంగా క్షీణించే జబ్బుల్లో డుషెన్ రకం. పొట్టిగా డీఎండీ అంటారు. బెకర్ అని దానికంటే మెల్లగా నడిచే రకం ఉంది, లింబ్ గర్డిల్ అని ఇంకొన్ని రకాలున్నాయి, వాటిలో కూడా సీపీకే పెరుగుతుంది. ఏ రకమో ఎంజైమ్ చెప్పదు. దాని పని ఇక్కడితో అయిపోయింది. ఇక చెప్పాల్సింది జీన్ టెస్టు.

డిస్ట్రోఫిన్ అని కండ కణం పొరని పట్టి ఉంచే ప్రోటీన్ ఉంది, దాని జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మనిషి జీన్లలో అతి పొడుగైన వాటిలో అదొకటి, 79 ముక్కలు. 1986, 87లో కనుక్కున్నారు. ఆ ముక్కల్లో ఏవన్నా ఎగిరిపోయాయా, రెట్టింపయ్యాయా అని చూసే టెస్టు పేరు ఎంఎల్‌పీఏ, మామూలు రక్తంతోనే చేస్తారు, చాలామంది పిల్లలకి అందులోనే దొరికిపోతుంది. దొరక్కపోతే జీన్ మొత్తం చదివే సీక్వెన్సింగ్ చేస్తారు. ఇప్పుడు కండ ముక్క తీయాల్సిన అవసరం అందరికీ రాదు.

నీ ముందున్న దారుల సంగతికొస్తే, మొదటిది నేరుగా బెంగళూరు పోవడం. నిమ్హాన్స్‌లో ఇట్లాంటి కండల జబ్బులు రోజూ చూసేవాళ్ళున్నారు, మనకి రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. చుట్టాలుంటే హైదరాబాద్ నిమ్స్ అయినా పర్లేదు, న్యూరాలజీతో పాటు అక్కడ జెనెటిక్స్ విభాగం కూడా ఉంది. పోతే త్వరగా తేలుతుంది, కానీ ఇంట్లో ఒప్పించకుండా నువ్వొక్కదానివే పిల్లోణ్ణి ఎత్తుకుని పోతే, అక్కడ వచ్చే కబురు మోయడానికి పక్కన ఎవరూ ఉండరు, తిరిగొచ్చాక నింద కూడా నీ మీదే పడుతుంది. రెండోది, మీ ఆయన మాటే పట్టుకుని ఇంకో ల్యాబ్‌లో సీపీకే మళ్ళీ చేయించడం. ముందు వారం రోజులు ఇంజెక్షన్లు లేకుండా చూసుకో. పది వేలు వచ్చినా ఇరవై వేలు వచ్చినా అర్థం ఒకటే, నంబర్ పెరిగింది తగ్గింది అని లెక్కేసుకోవద్దు, ఆడుకున్న రోజు ఒకటి, పడుకున్న రోజు ఒకటి వస్తుంది. దీంతో వారం పది రోజులు పోతాయి గానీ మీ ఆయన "మెషీన్" అనే మాట వదిలేస్తాడు. నన్నడిగితే ఆ వారం ఖర్చు పెట్టడం దండగ కాదు. రెండో రిపోర్టు ఆయన చేతే తెప్పించు, నువ్వు తేవద్దు.

మూడోది పంట దాకా ఆగడం. ఇది అర్ధరాత్రి పరిగెత్తాల్సిన జబ్బు కాదు, ఒక నెల అటూ ఇటూ అయితే కొంప మునగదు. కానీ శెనక్కాయ ఇంటికొచ్చేసరికి కార్తీకం, అప్పటికి వాడికి ఐదేళ్ళు నిండుతాయి. డీఎండీ అని తేలితే స్టెరాయిడ్, అంటే ప్రెడ్నిసలోన్ గానీ డెఫ్లాజకార్ట్ గానీ, ఎప్పుడు మొదలుపెట్టాలా అని డాక్టర్లు ఆలోచించేది సరిగ్గా ఈ వయసులోనే, పిల్లోడి సత్తువ జారిపోక ముందే. అది జబ్బుని నయం చేయదు, నడక ఆగే వయసుని కొన్నేళ్ళు వెనక్కి జరుపుతుంది. బరువు పెరగడం, ఎముక పల్చబడడం లాంటి ఇబ్బందులు కూడా ఉన్నాయి, అందుకే వాళ్ళు చూసి ఇస్తారు. దాన్ని మొదలుపెట్టే లోపు వేయాల్సిన టీకాలు కొన్ని ఉంటాయి, వాటికీ టైం కావాలి. అంటే ఆరు నెలలు పోతే పోయేది అవే. ఈ లెక్క మీ ఆయనకి చెప్పి ఆయన్నే తేల్చుకోమను. ఆయన మొండివాడని నాకనిపించలేదు, భయపడుతున్నాడు. లివర్ అయితే సిరప్ ఉంది, దీనికేముందో తెలీదు, అందుకే ఆయనకి లివరే బాగుంది.

పోయేటప్పుడు ఫైల్‌తో పాటు ఫోన్‌లో వీడియోలు తీసుకుపో. కింద నుంచి లేవడం, మెట్లెక్కడం, పరిగెత్తడం, మూడూ పక్క నుంచి తీయి. అక్కడ కొత్త చోట వాడు మొండికేసి నీ చంక దిగకపోతే అవే పనికొస్తాయి. మీ మేనమామ గురించి మీ అమ్మని కూర్చోబెట్టి అడిగి రాసుకో, ఎన్నేళ్ళకి పడిపోవడం మొదలైంది, ఎన్నేళ్ళకి నడక ఆగింది, మీ అమ్మమ్మ వైపు ఇంకెవరన్నా మగపిల్లలు అట్లా పోయారా. పోలియో అయితే జ్వరమొచ్చి కొద్ది రోజుల్లో కాలు పడిపోతుంది, ఎక్కువ ఒకవైపే, ఆ పడింది పడినట్టే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి మెల్లగా రెండు కాళ్ళూ పోవడం పోలియో నడక కాదు. ఆ రోజుల్లో కాళ్ళు పోతే అన్నిటికీ పోలియో అనే పేరే పెట్టేవాళ్ళు, ఎవర్నీ అనలేం.

ఇంకొకటి, ఇది దాచుకోకుండా అందరికీ చెప్పు. వాడికి పన్ను పీకాలన్నా, సున్తీ లాంటి చిన్న ఆపరేషన్ అన్నా, విరిగిన చెయ్యి సరిచేయాలన్నా, మత్తు ఇచ్చే డాక్టర్‌కి సీపీకే ఇంత ఉంది, కండల జబ్బు అనుమానం ఉంది అని ముందే చెప్పాలి. మత్తులో వాడే సక్సినైల్‌కోలిన్ అనే మందు ఇట్లాంటి పిల్లలకి ప్రాణం మీదకి తెస్తుంది. జీన్ టెస్టు రాకపోయినా ఈ మాట ఇప్పట్నుంచే చెప్పాలి.

అత్తగారి పసరు. కామెర్లకి వాడే నేల ఉసిరి మంచిదా చెడ్డదా అనే చర్చ నాకొద్దు, ఆ పల్లెలో ఆయన గిన్నెలో ఏముందో నాకూ తెలీదు, నీకూ తెలీదు, కామెర్లే లేని పిల్లోడికి కామెర్ల మందెందుకు అనేది ఒక్కటే ప్రశ్న. బిలిరుబిన్ 0.6 అంటే కామెర్లు లోపలా లేవు, బయటా లేవు. ఇంకోటేంటంటే, తెలీని ఆకుల పసరు నిజంగానే లివర్‌ని దెబ్బతీస్తే అప్పుడు జీజీటీ, బిలిరుబిన్ కూడా పెరిగి, కండ ఎంతో లివర్ ఎంతో తేల్చడం డాక్టర్‌కి కూడా కష్టమవుతుంది. వాతలు పెట్టడం, కంట్లో పసరు పిండడం మాత్రం చేయనీయొద్దు, ఆ ఒక్కదాంట్లో మొహమాటం వద్దు, గొడవైనా పర్లేదు. కానీ ఆమెని పూర్తిగా పక్కన పెట్టేస్తే ఆమె నీకు తెలీకుండా పోయిస్తుంది, అది ఇంకా ప్రమాదం. ఆమెకి చెయ్యడానికి ఏదో ఒకటి ఇవ్వు. పెన్నహోబిలం నరసింహస్వామికి మొక్కుకోమను, వాడికి రోజూ సాయంత్రం కాళ్ళు మెల్లగా సాగదీసే ఎక్సర్‌సైజ్ డాక్టర్ నేర్పిస్తే అది ఆమె చేతే చేయించు. పల్లె పెద్దోళ్ళు పని అప్పజెప్తే శ్రద్ధగా చేస్తారు, మనకంటే నయం.

మేనరికం అన్న నోళ్ళకి సమాధానం కూడా రాస్తా. దగ్గర సంబంధాల వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి, కాదనను, కండల జబ్బుల్లోనే లింబ్ గర్డిల్‌లో కొన్ని రకాలు అట్లా వస్తాయి. కానీ డుషెన్ అయితే అది తల్లి ఎక్స్ క్రోమోజోమ్ మీదుగా వచ్చేది, నువ్వు మీ మేనత్త కొడుకుని చేసుకున్నా, ముక్కూ మొహం తెలీని ఢిల్లీ అబ్బాయిని చేసుకున్నా తేడా ఉండేది కాదు. మీ మేనత్త మీ నాన్న వైపు, మేనమామ మీ అమ్మ వైపు, ఆ రెండు కుటుంబాలకీ ఈ విషయంలో సంబంధమే లేదు. అయితే ఈ మాట విన్నాక నీ మనసు ఎటు పోతుందో నాకు తెలుసు, "అంటే నా నుంచే వచ్చిందా" అని. ఖాయంగా చెప్పలేం. ఈ జబ్బున్న పిల్లల్లో సుమారు మూడో వంతు మందికి తల్లిలో ఏ లోపమూ ఉండదు, పిల్లోడిలోనే కొత్తగా పుడుతుంది. మీ మేనమామ కథ వింటే నీకు ఉండే అవకాశం ఎక్కువే, కానీ ఉన్నా అది నువ్వు చేసిన పని కాదు, నీ ఎత్తు, నీ రంగు నువ్వు ఎంచుకున్నావా?

ఇక చెల్లెలు. ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. వరస ఇట్లా ఉంటుంది, ముందు పిల్లోడి జీన్‌లో తప్పు ఎక్కడుందో దొరకాలి, తర్వాత అదే తప్పు నీలో ఉందా అని చూస్తారు, నీలో ఉంటే అప్పుడు మీ చెల్లెలికి ఆ ఒక్క చోటే చూస్తే సరిపోతుంది. పిల్లోడి రిపోర్టు లేకుండా ఆ పిల్లకి ఇప్పుడే టెస్టు చేయించి "లేదు" అని వచ్చినా నమ్మడానికి లేదు. సీపీకే చూపించుకుంటే సరిపోదా అంటావేమో, ఈ జీన్ మోసే ఆడవాళ్ళలో కొంతమందికి సీపీకే నార్మల్‌గానే ఉంటుంది, పెరిగితే అనుమానం పెరుగుతుంది, పెరక్కపోతే ఏమీ తేలదు.

అందుకని ఇప్పుడే నిశ్చితార్థం ఆపమని నేను చెప్పను. కానీ చెల్లెలికి చెప్పకుండా దాటేయమని కూడా చెప్పలేను. ఇప్పుడే, నోటి మాటగా, ఆ పిల్లకి మాత్రమే చెప్తే, భయపడుతుంది, నిద్రపోదు, కానీ ఆలోచించుకోవడానికి తనకి శ్రావణం దాకా టైం ఉంటుంది, అబ్బాయికి చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో తనే నిర్ణయించుకుంటుంది. మీ నాన్నకో పెద్దమనుషులకో చెప్తే అది తన చేతిలో ఉండదు, అవతలివాళ్ళకి వంకర తిరిగి చేరుతుంది, "పిల్లకి ఏదో జబ్బంట" అని. రిపోర్టు వచ్చేదాకా ఆగి అప్పుడు చెప్తే అనవసరంగా భయపెట్టినట్టు ఉండదు, కానీ రిపోర్టు నిశ్చితార్థం దాటి వస్తే మాట ఇచ్చేశాక చెప్పినట్టవుతుంది. పెళ్ళయి, కడుపుతో ఉన్నాక తెలిస్తే ఆ పిల్ల నిన్ను అడిగే మొదటి ప్రశ్న "నీకు ముందే తెలుసా" అని. నా మనసు మొదటి దాని వైపే మొగ్గుతుంది. మీ ఇద్దరి మధ్య ఎట్లా ఉంటుందో నీకే తెలుసు.

చెప్పేటప్పుడు పూర్తిగా చెప్పు. జీన్ మోసే ఆడవాళ్ళు ఎక్కువమంది మామూలుగానే బతుకుతారు, కొద్దిమందికి మాత్రం కండల నీరసమో గుండె ఇబ్బందో రావచ్చు, అందుకే పెద్దయ్యాక అప్పుడప్పుడు గుండెకి ఎకో చేయించుకోవాలి. కొడుకు పుడితే వాడికి జబ్బు వచ్చే అవకాశం సగం, కూతురు పుడితే జీన్ మోసే అవకాశం సగం. తప్పు ఎక్కడుందో ముందే తెలిసి ఉంటే, గర్భం మూడో నెలలోనో నాలుగో నెలలోనో మాయ నుంచి గానీ ఉమ్మనీటి నుంచి గానీ తీసి పరీక్ష చేయొచ్చు. ఆడో మగో చెప్పమనడం నేరం, కానీ ఇట్లాంటి జన్యు జబ్బు కోసం రిజిస్టర్ అయిన సెంటర్లో చేయించుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఇది నీకూ వర్తిస్తుంది. రెండో బిడ్డ కోసం ఇంట్లో ఒత్తిడి ఉందని ఒక లైన్లో రాసి వదిలేశావు, వాడి జీన్ రిపోర్టు చేతికి వచ్చేదాకా ఆగు, ఆ కొన్ని నెలల ఆగడమే నీకు ఎంచుకునే వీలు ఇస్తుంది.

యూట్యూబ్‌లో జీన్ ఇంజెక్షన్ అని చూసి ఉంటావు, లేదంటే రేపు ఎవరో పంపుతారు. 2023లో అమెరికాలో ఒకటి అనుమతించారు, ధర మన లెక్కలో పాతిక కోట్ల పైనే. నయం చేస్తుందని చెప్పే మందు కాదది, పైగా 2025లో ఇద్దరు పిల్లలు దాని తర్వాత లివర్ ఫెయిలై పోయారు. దానికోసం పొలం అమ్మాలని ఇంట్లో ఎవరన్నా అంటే అక్కడే ఆపు. మీ మేనమామ కాలానికీ ఇప్పటికీ తేడా తెచ్చింది అట్లాంటి ఒక్క ఇంజెక్షన్ కాదు, స్టెరాయిడ్, గుండె మందులు ముందే మొదలుపెట్టడం, కాళ్ళు పట్టేయకుండా ఫిజియోథెరపీ, పెద్దయ్యాక రాత్రుళ్ళు ఊపిరికి మెషీన్. వీటితో ముప్ఫై దాటిన వాళ్ళున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మస్కులర్ డిస్ట్రఫీ పేరు పెట్టి చేర్చారు, జబ్బు ఖాయమైతే సర్టిఫికెట్ కోసం జిల్లా ఆసుపత్రిలో అడగండి, బడిలో కింది అంతస్తు క్లాస్‌రూమ్ అడగడానికి కూడా అది పనికొస్తుంది.

లివర్ సిరప్ ఇంకా పోస్తున్నట్టున్నావు, ఆ పిల్లల డాక్టర్‌కే ఫోన్ చేసి ఆపాలా అని అడుగు, ఆయన ఆపమంటాడనే అనుకుంటున్నా. పత్యం మాత్రం ఎవర్నీ అడక్కుండా ఈ పూటే తీసేయొచ్చు. కండ కరిగే పిల్లోడికి ప్రోటీన్ ఆపడం తలకిందుల పని. గుడ్డు పెట్టు, పప్పు పెట్టు, కోడికూర పెట్టు, సంగటి ముద్దలో శెనక్కాయ పచ్చడి వేసి వాళ్ళ జేజి చేత్తోనే తినిపించమను.